అక్కకు చదివి చెప్పని ఉత్తరాలు

లెనోర్‌కి ఇంగ్లీషు కొద్దిగా మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. అమెరికాలోని ఫాల్ రివర్‌కి వచ్చి ముప్పై ఏడేళ్లయినా ఆమెకు ఆ అవసరం పడలేదు. కర్టెన్లు కుట్టే మిల్లులో అటు మిషనూ ఇటు మిషనూ ఆమెలాగే అసోర్స్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసు ఆడవాళ్లవే. చర్చిలో పూజ పోర్చుగీసులోనే, రొట్టెల దుకాణంలో బేరం కూడా అందులోనే. ఎప్పుడైనా ఇంగ్లీషు కాగితం ఒకటి ఇంటికొస్తే దాన్ని సంచిలో పెట్టుకుని, రెండు వీధుల కింద ఉన్న తమ్ముడు అడెలినో ఇంటికి నడిచి వెళ్లేది. అతను చదివి చెప్పేవాడు. భర్త జెర్మానో బతికున్న రోజుల్లోనూ అంతే.

అడెలినోని పెంచింది లెనోరే. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు, ఆమెకు ఇరవై. మూడేళ్ల తర్వాత ఈ ఊళ్లో ఉన్న మేనమామ కాగితాలు పంపితే తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని విమానం ఎక్కించింది. మిల్లులో పనిచేసి బడికి పంపింది. పదిహేడేళ్లకు బడి మానేసి టైల్స్ పరిచే మేస్త్రీ దగ్గర చేరతానంటే ఒక రోజంతా మాట్లాడలేదు గానీ, మర్నాడు అతనికి మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటితో దిండ్లు కుట్టి ఇచ్చింది.

అడెలినో మంచి పనివాడయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు. భార్య ఒడీలియా కూడా దీవుల పిల్లే. ముప్పై నాలుగేళ్లకి మూడంతస్తుల చెక్క ఇల్లు ఒకటి కొన్నాడు. కింద తాముండి, పైన రెండంతస్తులు అద్దెకిచ్చాడు. ఆ ఊళ్లో దీవులవాళ్లందరూ పైకొచ్చింది అలాగే. ఆ అద్దెలతో పన్నెండేళ్లు హాయిగా గడిచింది. అక్కడితో ఆగి ఉంటే ఇంత కథ లేదు.

ఇళ్ల ధరలు మండిపోతున్న రోజులవి. అప్పులిప్పించే ఏజెంటు ఒకడు చర్చి బయట కారు ఆపుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్ల భుజాల మీద చేతులు వేసేవాడు. అడెలినో ఉన్న ఇంటిమీద అప్పు తెచ్చి రెండోది కొన్నాడు. ఆ రెండోదాని మీద మూడోది కొన్నాడు. తాపీ పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళంచెవుల గుత్తి నడుముకి వేలాడేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. నాలుగో ఇంటికి తన పేరు మీద ఇంక అప్పు పుట్టలేదు. అప్పుడు అక్క దగ్గరికి వెళ్లాడు.

కొండ మీది వీధిలో లెనోర్‌కి చిన్న ఇల్లుంది. జెర్మానో ఇరవై ఆరేళ్లు రంగుల అద్దకం మిల్లులో పనిచేసి కట్టిన ఇల్లు. పైసా బాకీ లేదు.

"నీ ఇంటిమీద అప్పు తెస్తా, ఒక్క సంతకం పెట్టక్కా. కంతులు నేను కడతా. అసలు నేను కూడా కట్టను, అద్దెలే కట్టేస్తాయి."

"నాకెందుకురా ఇంకో ఇల్లు? ఉన్నదాని మెట్లే ఎక్కలేక చస్తున్నా."

"రేపు మిల్లు మూసేస్తే నీకు నెలనెలా ఏదో ఒకటి చేతికి రావద్దా?"

"మీ బావ ఉంటే ఒప్పుకునేవాడు కాదు."

"బావ ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు."

ఆమె నవ్వింది. "ఇళ్లతో పాటు నోరు కూడా బాగా పెరిగిందిరా నీకు" అని, అతను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది.

రెండేళ్లు తిరగకుండానే అంతా తిరగబడింది. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి, అద్దెకున్నవాళ్ల పనులు పోయాయి. కొందరు రెండు నెలలు ఆగమన్నారు, కొందరు చెప్పకుండా సామాను ఎత్తుకుని వెళ్లిపోయారు. అప్పుల మీద వడ్డీ ఒక్కసారిగా పెరిగింది. ఖాళీగా ఉన్న మూడో ఇంట్లో చలికి గొట్టాలు పగిలి, మేడ మీది నీళ్లు కింది గది పైకప్పుతో సహా దిగాయి. మర్నాడు వెళ్లి చూస్తే ఎవరో గోడలు కోసి రాగి గొట్టాలన్నీ పీక్కుపోయారు. అమ్ముదామంటే అడిగే దిక్కు లేదు. అడెలినో ముందు తన ఇళ్ల కంతులు ఆపాడు, తర్వాత అక్క ఇంటి మీది కంతు ఆపాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒడీలియాకి కూడా.

మొదటి ఉత్తరం వచ్చినప్పుడు లెనోర్ ఎప్పటిలాగే సంచిలో పెట్టుకుని వచ్చింది. ఒడీలియా పనికెళ్లింది. వంటగదిలో బల్ల దగ్గర అడెలినో ఒక్కడే ఉన్నాడు. ఆమె కాగితం అతని ముందు పెట్టి, పొయ్యి మీద ఉన్న కేల్ ఆకు చారు మూత తీసి చూసింది.

"ఇందులో ఉప్పు వేశారా లేదా? సరే, ఏంట్రా అది?"

మూడు కంతులు బాకీ అని, తొంభై రోజుల్లో కడితే ఇల్లు దక్కుతుందని, ఏమీ తోచకపోతే ఫలానా నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారని ఆ కాగితంలో ఉంది. అడెలినో రెండుసార్లు చదివాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోటిలోంచి వేరే మాట వచ్చింది.

"ఏదో కర్టెన్ల దుకాణమక్కా. తగ్గింపు ధరలట."

"నేను కుట్టిన కర్టెన్లు నాకే అమ్ముతారటా?" అని లెనోర్ పగలబడి నవ్వింది. చారులో ఉప్పు వేసి, ఒక గిన్నెడు పోసుకుని తాగి వెళ్లింది.

మోసం చెయ్యాలని కాదు. రెండో ఇంటికి ఒక బేరం వచ్చింది, రెండు వారాల్లో తెగుతుంది, ఆ డబ్బుతో అక్క బాకీ తీర్చేస్తే ఆమెకు ఈ గుండెదడ లేకుండానే గడిచిపోతుందని అతను నిజంగానే నమ్మాడు. ఆ బేరం తెగలేదు. రెండో ఉత్తరం వచ్చింది. దానికి పోస్టుమాన్ సంతకం కూడా పెట్టించుకున్నాడని ఆమె కాస్త కంగారుగా తెచ్చింది. ఇంటి పన్ను లెక్క సరిచూశారట, ఏమీ లేదన్నాడు. మూడోదానిలో వేలం తారీఖు ఉంది. బ్యాంకు పేరు మారిందట, అదే తెలియజేస్తున్నారు అన్నాడు. "మారితే మారిందిలే, మనకేం" అంది లెనోర్.

మార్చి నెలలో ఒక పొద్దున పది గంటలకు ఒడీలియా ఫోనెత్తింది. అవతల లెనోర్.

"మా ఇంటి ముందు ఎవరో పెద్దమనిషి కోటు వేసుకుని నిలబడ్డాడే. చేతిలో కాగితాలున్నాయి. ఇంకో ముగ్గురు కూడా వచ్చారు. అడెలినోని ఒకసారి పంపు, ఏం కావాలో కనుక్కుంటాడు."

ఒడీలియా ఆ మాట చెప్పగానే భర్త ముఖం చూసింది. ఫోను పెట్టేసి అతనికి దారిచ్చింది.

అడెలినో వెళ్లాడు గానీ వీధి దాటలేకపోయాడు. ఇవతలి కాలిబాట మీద, నిలిపి ఉన్న వ్యాను పక్కన నిలబడిపోయాడు. కోటాయన గాలికి ఎగిరిపోతున్న కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని గొణుగుతున్నట్టు చదువుతున్నాడు. మునిసిపాలిటీ నుంచి కొలతలకి వచ్చారనుకుందో ఏమో, లెనోర్ ఏప్రన్ కట్టుకుని మెట్ల మీదికి వచ్చి, చలిలో నిలబడ్డారు, కాఫీ తాగుతారా అని సైగ చేసి అడిగింది. ఆయన తలెత్తకుండా వద్దన్నాడు. ముగ్గురూ వేళ్లెత్తారు, ఇద్దరు దింపారు. పది నిమిషాల్లో వేలం అయిపోయింది.

ఎదురింటి హోర్టెన్స్ తిబో, కెనడా ఫ్రెంచి ముసలావిడ, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగున వచ్చి లెనోర్ భుజం పట్టుకుంది. తనకొచ్చిన నాలుగు పోర్చుగీసు ముక్కల్లో సంగతి చెప్పింది. లెనోర్‌కి మొదట అర్థం కాలేదు, మళ్లీ చెప్పించుకుంది. తర్వాత తలెత్తి వీధి అవతలకి చూసింది. వ్యాను పక్కన తమ్ముడు కనబడ్డాడు.

మెట్లు దిగి, వీధి దాటి వచ్చి అతని ముందు నిలబడింది.

"నీకు తెలుసా?"

అతను తల ఊపాడు.

"ఆ ఉత్తరాలు?"

మళ్లీ తల ఊపాడు. ఆమె వెనక్కి తిరిగి, ఇంక తనది కాని ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం అడెలినో అంతా చెప్పాక ఒడీలియా వంట చేయలేదు. "ఇళ్లు పోతే పోయాయి. మనం వచ్చింది అట్టపెట్టెతో, పోవడం కూడా దాంతోనే పోతాం. కానీ ఆవిడతో అట్లా ఎలా అన్నావయ్యా? ఒక్కసారి కాదు, మూడుసార్లు!" అంది. "వెళ్లి కాళ్ల మీద పడు" అంది ఒడీలియా. అతను వెళ్లాడు, ఆ వారంలో మూడుసార్లు వెళ్లాడు. తలుపు తెరుచుకోలేదు.

ఏడాది తిరిగేలోగా అతని నాలుగిళ్లూ పోయాయి. కోర్టులో దివాలా కాగితాల మీద సంతకం పెట్టి బయటికొచ్చేసరికి యాభై దాటుతోంది. రైలు పట్టాల పక్కన ఒకళ్ల ఇంట్లో రెండో అంతస్తు అద్దెకు తీసుకున్నారు. ఒడీలియా ఆసుపత్రిలో బట్టలుతికే చోట చేరింది. అడెలినో పాత తాపీలు వెతికి తీసి, తోమో పషేకో దగ్గరికి వెళ్లి పని అడిగాడు. తోమో ఒకప్పుడు అతని కింద సిమెంటు కలిపినవాడు, ఇప్పుడు పదిమందిని పెట్టుకున్న కాంట్రాక్టరు.

"రేపు ఏడింటికి రండి మేస్త్రీ గారూ" అన్నాడు తోమో. ఇంకొక్క మాట అడగలేదు, ఆ తర్వాత కూడా ఇళ్ల సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ మంచితనానికి అడెలినో మర్నాడంతా తల దించుకునే పనిచేశాడు. మోకాళ్లు ముప్పై ఏళ్లనాటివి కావు. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే, ఒడీలియా ఐసు ముక్కలు గుడ్డలో కట్టి మోకాళ్ల మీద పెట్టేది.

పోగొట్టుకున్న ఇళ్ల ముందు నుంచి పనికి పోవాల్సి వచ్చేది. ఒకదానికి కొత్త రంగేశారు. ఒకటి చెక్కలు కొట్టి మూసేశారు. మొదటి ఇంటి వాకిట్లో ఎవరివో పిల్లల సైకిళ్లు పడి ఉండేవి. కొన్నాళ్లు వ్యాను చుట్టుతిప్పి తీసుకెళ్లాడు. తర్వాత పెట్రోలు దండగని నేరుగానే వెళ్లడం మొదలుపెట్టాడు. చూడగా చూడగా ఆ ఇళ్ల బాధ మొద్దుబారింది. అక్క బాధ మాత్రం మొద్దుబారలేదు.

లెనోర్ ఎక్కడికీ పోలేదు. హోర్టెన్స్ తన ఇంట్లో కింది భాగం తక్కువ అద్దెకిచ్చింది. అంటే, వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా తన ఇల్లే. ఊరు మారమని, కనీసం వీధి మారమని చర్చి ఆడవాళ్లు ఎంతో చెప్పారు. "ఈ వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతుందో నాకు వాసనతో తెలుసు. కొత్త వీధిలో నేనేం చేసుకోను?" అంది.

ఏటా పవిత్రాత్మ పండుగకి చర్చి హాల్లో అందరికీ పులుసు మాంసం, రొట్టె పెడతారు. వడ్డించేవాళ్లలో లెనోర్ ఎప్పుడూ ఉండేది. ఆ సంఘటన జరిగిన తర్వాతి ఏడు ఆమె గిన్నె పట్టుకుని అడెలినో కూర్చున్న బల్ల వైపే వచ్చింది. ఒడీలియాకి వడ్డించింది, అతనికి వడ్డించింది, పక్కనున్న ఎవరో కొత్త మనిషికి వడ్డించింది. ముగ్గురికీ ఒకే గరిటె. "ఇంకాస్త?" అని ముగ్గుర్నీ అదే గొంతుతో అడిగింది. అడెలినో వద్దన్నాడు. తిట్టినా, దాటేసి వెళ్లినా అంత బాధపడేవాడు కాదు. రొట్టె పళ్లెంలోనే వదిలి లేచాడు. మరుసటి ఏడు నుంచి ఒడీలియా ఒక్కతే వెళ్లింది.

అలా ఆరేళ్లు గడిచాయి.

ఆరో ఏడు శరదృతువులో లెనోర్ స్నానాల తొట్టి దాటబోయి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆ ఎత్తు తొట్టి తీసేసి, నేలబారుగా టైల్స్ పరిచి షవరు పెట్టించుకొమ్మన్నాడు. సామాను ఖర్చు హోర్టెన్స్ పెట్టుకుంటానంది. ఇక పనివాడి సంగతి వచ్చింది.

"ఊళ్లో టైల్స్ బాగా పరిచేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అంది హోర్టెన్స్.

"పిలువు. కానీ కూలీ ఎంతో ముందే చెప్పమను. ఊరికే చేస్తానంటే గుమ్మం ఎక్కొద్దను" అంది లెనోర్.

ఆ మాట హోర్టెన్స్ ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పింది. అడెలినో ఫోను పెట్టేసి భార్య వంక చూశాడు. "అక్క దగ్గర కూలీ తీసుకోనా?"

"తీసుకో. ఆవిడ ఎట్లా రమ్మంటే అట్లా వెళ్లు" అంది ఒడీలియా.

మొదటి రోజు లెనోర్ తలుపు తీసింది గానీ అతని ముఖం చూడలేదు. చేతికి కట్టుంది, జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. స్నానాలగది చూపించి వంటగదిలోకి వెళ్లి కూర్చుంది. అతను ఇనప తొట్టిని సమ్మెటతో ముక్కలు చేసి, ముక్క ముక్కా బయటికి మోశాడు. దాని వెనక గోడ చెమ్మకి కుళ్లిపోయి ఉంటే అదంతా ఊడదీశాడు. పది గంటలకు గుమ్మం పక్కన స్టూలు మీద కాఫీ కప్పు కనబడింది. ఎప్పుడు పెట్టిందో తెలియలేదు. రెండో రోజు గోడలు నిలబెట్టి, పట్టుకోవడానికి కడ్డీలు వచ్చే చోట లోపల గట్టి చెక్కలు బిగించి, నీళ్లు తూము వైపు పోయేలా నేల వాలు కుదిర్చాడు.

మూడో రోజు అతను మోకాళ్ల మీద కూర్చుని నేల టైల్స్ పరుస్తుంటే వెనక కుర్చీ లాగిన చప్పుడైంది. లెనోర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ మొదటి ఉత్తరంలో ఏముందిరా?"

అడెలినో చేతిలో టైలు అలాగే ఉండిపోయింది.

"కర్టెన్ల దుకాణం అన్నావే, అది. నిజంగా ఏముంది?"

అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేనని తెలుసు. గోడ వైపు చూస్తూ మొదటి ఉత్తరం చెప్పాడు. ఆరేళ్లుగా రోజూ చదువుకుంటున్నట్టు వరసలు వరసలుగా గుర్తుంది అతనికి. తారీఖు చెప్పాడు, తొంభై రోజుల గడువు చెప్పాడు, అడుగున ఉన్న ఫోను నంబరు సంగతి కూడా చెప్పాడు. తర్వాత రెండోది, మూడోది.

అంతా విన్నాక అడిగింది. "ఆ నంబరుకి ఫోను చేసి ఉంటే?"

ఆ ఒక్క ప్రశ్న రాకూడదని అతను ఆరేళ్లు దేవుణ్ణి వేడుకున్నాడు. చేసినా లాభం ఉండేది కాదక్కా అని అనొచ్చు. ఆమెకు కాస్త ఊరటగా ఉండేది, తనకీ. ఆమె నమ్మేది కూడా.

"ఇల్లు దక్కేదక్కా. అదే నెలలో మన చర్చి వెనక వీధి ఆవిడ ఫోను చేసింది. ఆవిడకి కంతు తగ్గించి గడువిచ్చారు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. నీకూ దక్కేదే."

వెనక లెనోర్ ఏడుపు వినబడింది. తల్లి శవం దగ్గర కూడా తమ్ముడి ముందు ఏడవని మనిషి. అతను టైలు కింద పెట్టి, సిమెంటు చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇల్లు పోయిందని ఏడిస్తే ఎవరైనా ఓదారుస్తారు. నేను ఆ రోజు నవ్వాను చూడు, నువ్వు చెప్పిన అబద్ధానికి నవ్వాను. నీ చారులో ఉప్పేసి తాగి వచ్చాను. అది ఎవరికి చెప్పుకోనురా?" అంది. కుర్చీలోంచి లేచి, "ఇవాల్టికి వెళ్లు" అంది.

మర్నాడు రావాలో వద్దో తెలియక వ్యానులో పావుగంట కూర్చున్నాడు. దిగి వెళ్తే తలుపు గడియ తీసే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. సందుల్లో తెల్లసిమెంటు పూసి, తుడిచి, కడ్డీలు బిగించి పిలిచాడు. లెనోర్ లోపలికొచ్చి మంచి చేత్తో కడ్డీ పట్టుకుని గుంజి చూసింది. కుట్టుపనిలో అరిగిన వేళ్లతో గోడంతా తడిమింది. ఒక మూల ఆగింది.

"ఇది వంకరగా ఉంది."

వంగి చూశాడు. వెంట్రుకవాసి తేడా ఉంది. ఇంకెవరైనా అయితే కనిపెట్టేవాళ్లు కాదు. మారు మాట్లాడకుండా ఆ టైలు ఊడదీసి మళ్లీ పరిచాడు. మరో రెండు గంటలు పట్టింది. ఆమె కూలీ డబ్బు చేతికిచ్చింది. అతను తీసుకున్నాడు. ఆ డబ్బు జేబులో పెట్టుకోవడం అతను జన్మలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది.

"వంటింటి కుళాయి కారుతోంది. ఆదివారం పూజ అయ్యాక వచ్చి చూడు" అంది లెనోర్ తలుపు వేస్తూ.

ఆ ఆదివారం వెళ్లాడు. తర్వాత కిటికీ బిగుసుకుందంటే వెళ్లాడు. ఏ పనీ లేకపోయినా ఏదో ఒకటి చూపించేది. క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. అతనూ అడగలేదు. పండుగలకి తమ్ముడింటికి రమ్మంటే, చూద్దాంలే అనేది, వచ్చేది కాదు. ఒక్కోసారి మాటల మధ్యలో లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడిపోయేది. ఎదురింట్లో జెర్మానో వేసిన ద్రాక్షపందిరి కొత్తవాళ్లు పీకేసి కార్లు పెట్టుకున్నారు. అలాంటప్పుడు అడెలినో చప్పుడు చేయకుండా పని ముగించుకుని వెళ్లిపోయేవాడు.

మరో మూడేళ్లకు హోర్టెన్స్ పోయింది. ఆమె పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు లెనోర్ కట్టే అద్దెకు రెట్టింపు అడిగారు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి మళ్లీ సామాను సర్దుకోవాలి. ఒడీలియా, అడెలినో కలిసి వెళ్లి అడిగారు. మా దగ్గర వెనక గది ఖాళీగానే ఉంది, వచ్చి ఉండమన్నారు.

లెనోర్ తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఆ ఇల్లు నీ పేరు మీద లేదు కదా?"

"లేదక్కా. అద్దెదే."

"కొనే ఉద్దేశం?"

"లేదు. ఈ జన్మకి లేదు."

"అయితే వస్తా" అంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, అది ముందు దింపమని అతనికి చూపించింది.